ఏడు పొరల బొంత

బొంత కుట్టడంలో సూది పట్టి కుట్టే పని సగమేననీ, మిగిలిన సగం గుడ్డను ఎంచుకోవడంలోనూ పొర మీద పొర పరచడంలోనూ ఉంటుందనీ కిందటి వేసవిలో మా ఇంట్లో ఒక బొంత కుట్టిన తరువాత నాకు బాగా తెలిసింది. కుట్టుపని నాకు కొత్త కాదు. చీరలకు ఫాల్ కుట్టుకోవడం, జాకెట్లు కుట్టడం, దిండు గలీబులకు అంచులు వేయడం పెళ్ళికి ముందునుంచీ అలవాటే. అయితే అవన్నీ ఒకటి రెండు పొరల గుడ్డ మీద సాగే పనులు. ఏడు పొరలను ఎక్కడా ఉబ్బకుండా, ఎక్కడా బిగుసుకుపోకుండా ఒక్కటిగా కలిపి, ఎన్నిసార్లు ఉతికినా నిలిచేలా కుట్టడం వేరే విద్య. ఆ విద్య మా ఇంట్లో మా అత్తయ్య గారికి వచ్చు. ఆవిడకు ఎనభై దాటాయి. సూదిలోకి దారం ఎక్కించేంత చూపు ఇప్పుడు లేదు గాని, కుట్టు మాత్రం ఈనాటికీ నా కుట్టు కన్నా తిన్నగా వస్తుంది.

మాది తెనాలి. ధనుర్మాసంలో తెల్లవారుజామున తప్ప మాకు చలి పెద్దగా తెలియదు, ఒక దుప్పటితో చలికాలమంతా గడిచిపోతుంది. మా అమ్మాయికి ఆదిలాబాదులో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. అక్కడ డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే కిందికి దిగడం మామూలే. బజారులో దొరికే పాలిస్టర్ దూది నింపిన రజాయిలు తేలికగా, వెచ్చగానే ఉంటాయి. కాని అవి చెమటను పీల్చవు, అర్ధరాత్రి ఉక్కపోసి తీసి పక్కన పడేస్తాం, తెల్లవారుజామున మళ్ళీ వెతుక్కుంటాం. బొంతలో నూలు పొరల మధ్య నిలిచే గాలి వెచ్చదనాన్ని ఇస్తే, ఆ నూలే చెమటను పీల్చుకుంటుంది. పైగా పరుచుకుంటే పరుపుగానూ, కప్పుకుంటే దుప్పటిగానూ పనికివస్తుంది. ఒకప్పుడు ఎండాకాలంలో మా వీధిలోకి "బొంతలు కుడతామమ్మా" అని కేకవేస్తూ ఆడవాళ్ళు వచ్చేవారు. గుడ్డలు మనం ఇస్తే, అరుగు మీదే కూర్చుని కుట్టి, కూలి తీసుకుని వెళ్ళేవారు. ఇప్పుడు ఆ కేక వినబడడం లేదు. "పిల్లకి మనమే కుడదాం, అమ్మాయ్. నువ్వు దారం ఎక్కించి ఇయ్యి, నేను కుడతాను" అన్నారు అత్తయ్య గారు. నేను వెంటనే సరేనన్నాను. చాలా ఏళ్ళుగా నేర్చుకోవాలనుకుంటూ ఉన్న పని అది.

మొదట అటక మీది ట్రంకుపెట్టె దించి, అందులోని బట్టలన్నీ హాల్లో పరిచాం. అత్తయ్య గారి మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు, నా పెళ్ళి కొత్తలో కట్టిన సింథటిక్ చీరలు, కాలం చేసిన మా మామయ్య గారి పంచెలు అందులో ఉన్నాయి. ఏది అచ్చమైన నూలో, దేనిలో వేరే పోగు కలిసిందో చేతితో తడిమితే చాలావరకు తెలుస్తుంది. అనుమానం వచ్చిన చోట అంచునుంచి రెండు పోగులు లాగి, అగ్గిపుల్లతో అంటించి చూశాం. నూలు పోగు కాగితం కాలిన వాసన వేస్తూ కాలిపోయి, వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోయే బూడిదను మిగులుస్తుంది. పాలిస్టర్ పోగు కరిగి, ముడుచుకుపోయి, చల్లారిన తరువాత గట్టి పూసగా మిగిలిపోతుంది. పూస మిగిలిన ప్రతి చీరనూ పక్కన పెట్టేశాం. ఒక్క పాలిస్టర్ పొర మధ్యలో ఉన్నా అది పక్క పొరలతో కలవకుండా జారుతూ ఉంటుంది, చెమటనూ అక్కడే ఆపేస్తుంది.

నూలని తేలినవాటిలో గట్టివి ఏవో, అరిగినవి ఏవో విడదీయడం తరువాతి పని. చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుంటే అరిగిన చోట వెలుతురు ఎక్కువగా కనిపిస్తుంది. ఆ చోటును రెండు చేతులా పట్టి అడ్డంగా కొద్దిగా లాగితే, గట్టి గుడ్డ ఊరుకుంటుంది, నీరసించిన గుడ్డ సన్నగా చర్రుమంటుంది. కూర్చున్నప్పుడు ఒరిపిడి పడే చోటా, కుచ్చిళ్ళు దోపుకునే చోటా చీర ముందుగా అరుగుతుందనీ, పమిట వైపు భాగం చాలా ఏళ్ళు గట్టిగా ఉంటుందనీ ఆవిడ చెప్పారు. నేను వరసగా వెలుతురుకు పట్టి చూసిన ప్రతి చీర విషయంలోనూ అది నిజమే అయింది. బాగా గట్టివి పై ముఖానికీ కింది ముఖానికీ, మెత్తబడినవి లోపలి పొరలకూ, చిరుగులు పడ్డవి వంటింటి మసిగుడ్డలకూ అని మూడు కుప్పలు వేశాం.

బొంతకు పాత గుడ్డే ఎందుకు అన్నది చాలామంది అడిగే ప్రశ్న. పొదుపు ఒక కారణం, కాని అసలు కారణం వేరు. కొత్త నూలు గుడ్డ మొదటి కొన్ని ఉతుకుల్లో కుంచించుకుపోతుంది, పాత గుడ్డ కుంచించుకోవలసినంతా ఎప్పుడో కుంచించుకుని ఉంటుంది. కొత్త గుడ్డను పైన వేసి, పాతవి లోపల పెట్టి కుడితే, ఉతికిన మొదటిసారే పై ముఖం లాక్కుపోయి బొంత మొత్తం వంకరపోతుంది. ఇంకొకటి, ఇరవై ఏళ్ళు ఉతికిన నూలుకు వచ్చే మెత్తదనం ఏ దుకాణంలోనూ దొరకదు.

పై ముఖానికీ కింది ముఖానికీ బచ్చలిపండు రంగు మంగళగిరి చీర ఎంచుకున్నాం. రంగు దిగుతుందేమోనని తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూశాం, గుడ్డకు ఏమీ అంటలేదు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు గాని, అద్దకం అయిపోయిన గుడ్డకు ఉప్పు చేసేది ఏమీ లేదు. దిగే రంగు దిగుతూనే ఉంటుంది కాబట్టి, అటువంటి గుడ్డను బొంతలోకి రానివ్వకపోవడమే మంచిది. మంగళగిరి అంచులోని జరీ ఒంటికి గీసుకుంటుంది కనుక రెండు అంచులనూ కత్తిరించి తీసేశాం. లోపలి పొరలకు తీసుకున్న వెంకటగిరి చీర అంచులను కూడా తీసేశాం. అంచు దళసరిగా ఉంటుంది, పొరలన్నిటి అంచులూ ఒకే చోట పడితే అక్కడ సూది దిగడమే కష్టం. తరువాత అన్నిటినీ ఒక రాత్రంతా గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, గంజి పూర్తిగా పోయేవరకు జాడించాం. గంజి మిగిలితే సూది గట్టిగా నడుస్తుంది, ఆపైన గుడ్డకు పురుగు పడుతుంది. మేడ మీద ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి మడతపెట్టిన రోజున హాలంతా ఎండ వాసన వేసింది.

కొలతల దగ్గరకు వచ్చేసరికి నేను టేపు తీసుకుని, కాగితం మీద లెక్కలు వేయడం మొదలుపెట్టాను. అత్తయ్య గారు మూరలతో ఒక్క మాటలో తేల్చేశారు. "చీర పన్నెండు మూరలు, పంచె ఎనిమిది మూరలు. బొంత నాలుగు మూరలు. చీర మూడు పొరలు, పంచె రెండు పొరలు. ఇంక లెక్కేముంది?" అన్నారు. మూర అంటే 18 అంగుళాలు. 12 మూరల చీర 18 అడుగులు, అంటే దాదాపు 5.5 మీటర్లు. దాన్ని మూడు చేస్తే ఒక్కొక్కటి 6 అడుగులు. 8 మూరల పంచెను రెండు చేస్తే అదీ 6 అడుగులే. చీర కొలత, పంచె కొలత, మనిషి పడుకునే పక్క కొలత మిగులూ తరుగూ లేకుండా ఒకదానితో ఒకటి ఇలా సరిపోవడం చూసి నాకు ఎంతో సంతోషం కలిగింది. పన్న, అంటే వెడల్పు, విషయానికి వస్తే, అంచులు తీసేసిన తరువాత మంగళగిరి చీర 44 అంగుళాలు మిగిలింది, మిగతావాటినీ దానికి తగ్గట్టు సరిచేశాం. మంగళగిరి చీరలోని మూడు ముక్కల్లో ఒకటి పై ముఖం, ఒకటి కింది ముఖం. మూడో ముక్కను కూడా లోపల పెట్టేద్దామని నేను అంటే ఆవిడ ఒప్పుకోలేదు. బొంత చిరిగినప్పుడు మాసిక వేయడానికి అదే గుడ్డ కావాలి, దాన్ని దాచాలి అన్నారు. కనుక లోపల వెంకటగిరి మూడు పొరలు, పంచె రెండు పొరలు, పైన ఒకటి, కింద ఒకటి, మొత్తం ఏడు.

పరచడానికి తెల్లవారుజామునే లేచాం, ఎందుకంటే ఎండ ముదిరితే ఫ్యాను వేయక తప్పదు, ఫ్యాను వేస్తే గుడ్డ నిలవదు. హాలు గచ్చు తడిబట్టతో తుడిచి, ఆరిన తరువాత కింది ముఖం పరిచి, నాలుగు మూలలా సన్నికల్లు పొత్రం, రెండు ఇత్తడి చెంబులు, ఒక పాత ఇస్త్రీపెట్టె బరువుగా పెట్టాం. దాని మీద ఒక వెంకటగిరి పొర, ఒక పంచె పొర, మళ్ళీ వెంకటగిరి, మళ్ళీ పంచె, మళ్ళీ వెంకటగిరి, అన్నిటిమీదా పై ముఖం. ప్రతి పొరకూ పడుగు, అంటే నేతలోని పొడవు పోగులు, ఒకే దిక్కున, నిలువుగా ఉండేలా చూసుకోవాలి. గుడ్డ పడుగు వైపు తక్కువగానూ, అడ్డపోగులైన పేక వైపు కాస్త ఎక్కువగానూ సాగుతుంది. ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా పడితే అవి రెండూ వేరువేరుగా సాగి, ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి. ఒక్కొక్క పొర పరిచినప్పుడల్లా కాస్త తడి చేసిన అరచేతితో నడిమినుంచి నాలుగు వైపులకూ నిమురుతూ వచ్చాం. పొర కింద చిన్న బుడగ కనబడినా, దాన్ని అంచుదాకా తోసుకుంటూ వెళ్ళి బయటకు పంపాలి. ఏడో పొర పరిచిన తరువాత అత్తయ్య గారు కళ్ళతో చూడలేదు. చతికిలబడి కూర్చుని, రెండు అరచేతులతో మొత్తం గుడ్డను తడుముతూ వెళ్ళి ఒక చోట ఆగి, "ఇక్కడ మూడో పొర మడత పడింది" అన్నారు. పైనుంచి నాకు ఏమీ కనబడలేదు. పొరలు ఎత్తి చూస్తే సరిగ్గా మూడో పొరలోనే, పంచెలో, సన్నని మడత ఉంది.

పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే కచ్చా కుట్టు కూడా నడిమినుంచే మొదలవుతుంది. ఆవిడ ఒకవైపు, నేను ఎదురుగా కూర్చుని, నడిమినుంచి ఒకరు తలవైపుకూ ఒకరు కాళ్ళవైపుకూ, తరువాత అటూ ఇటూ పక్కలకూ, నాలుగేసి అంగుళాల పొడవుగల కుట్లతో, జానెడు ఎడంగా గళ్ళు గళ్ళుగా కుట్టుకుంటూ పోయాం. అంచునుంచి మొదలుపెడితే మిగులు గుడ్డ అంతా నడుమకు వచ్చి చేరి, అక్కడ ఉబ్బుగా నిలిచిపోతుంది. నడిమినుంచి వస్తే మిగులు అంచుకు చేరుతుంది, అక్కడ దాన్ని కత్తిరించి పారేయవచ్చు. ఈ కుట్టు తరువాత ఊడదీసేదే అయినా, బొంత బాగా రావడమూ రాకపోవడమూ దీనిమీదే ఆధారపడి ఉంటుంది కనుక, దీనికి ఎంత ఓపిక పెట్టినా తక్కువే అని నా అభిప్రాయం.

ఇక అసలు కుట్టు. సూది విషయంలో దబ్బనం వద్దు, అది పాత గుడ్డలో పెద్ద కన్నం చేస్తుంది. కుట్టుసామాన్ల దుకాణంలో సూదుల పొట్లాల మీద అంకెలు ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఏడు పొరలకు చిన్న అంకె గల పొడవాటి సూది, దానికి లావుపాటి నూలు దారం తీసుకున్నాం. దారాన్ని చేతి పొడవుకు మించి కత్తిరించకూడదు, పొడవైతే మెలిపడి ముళ్ళు పడుతుంది. కత్తిరించిన దారాన్ని తేనెమైనం ముద్ద మీద ఒకసారి లాగితే పీచు అణిగి, గుడ్డలో నున్నగా నడుస్తుంది. ప్రతి ఉదయం నేను పది పన్నెండు సూదులకు దారం ఎక్కించి, మైనం పట్టించి, కొసకు ముడివేసి, ఒక గుడ్డ ముక్కకు గుచ్చి అత్తయ్య గారి పక్కన పెట్టేదాన్ని. ముడి పైకి కనబడకుండా, సూదిని రెండు పొరల మధ్యకు దించి, కాస్త దూరంలో పైకి తీసి, ముడి లోపలికి చేరేలా ఒక్కసారి లాగి, అక్కడినుంచి మొదలుపెట్టాలి.

ఆవిడ ఎడమచేయి ఎప్పుడూ బొంత కిందే ఉంటుంది. కుడిచేతి మధ్యవేలికి ఇత్తడి అంగుస్తానా తొడుక్కుని సూది తోస్తే, కింద ఎడమ చూపుడువేలి కొసకు సూదిమొన తగిలీ తగలగానే, ఆ వేలితోనే మొనను పైకి తిప్పుతారు. అలా మూడు నాలుగు కుట్లు ఒకేసారి సూది మీదకు ఎక్కించి, అప్పుడు దారం లాగుతారు. కుట్టు బియ్యపుగింజంత, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడమూ అంతే. నేను మొదట పైనుంచి చూస్తూ, ఒక్కొక్క కుట్టూ కిందికి దించి, కిందనుంచి పైకి తీసి కుట్టేదాన్ని. "పైన చూడకు, అమ్మాయ్. కింద చెయ్యి పెట్టు. సూది ఏడు పొరలూ దాటిందో లేదో వేలికి తెలుస్తుంది, కంటికి తెలియదు" అన్నారు. ఎడమ చూపుడువేలు కొసన చర్మం కాస్త గట్టిపడేదాకా నొప్పిగానే ఉంది. అక్కడినుంచి చేతికి పని తెలిసింది. సూది పైకి తేలిన చోటు కంటితో చూడకుండానే తెలియడం, నాలుగు కుట్లు ఒకే వరసలో సూది మీద నిలవడం, దారం సర్రుమని ఏడు పొరలగుండా దూసుకురావడం, ఇవి చేసి తెలుసుకోవలసిన ఆనందాలు. టీవీ పెట్టాలని కూడా మాకు అనిపించలేదు.

దారం ఎంత లాగాలన్నది ఈ పనిలో అన్నిటికన్నా సున్నితమైన విషయం. గట్టిగా లాగితే పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి, మధ్యలో గాలి నిలవక, బొంత బల్లపరుపుగా, చల్లగా ఉంటుంది. వదులుగా వదిలేస్తే కుట్టు లేచి, కాలివేళ్ళకు తగులుకుని తెగుతుంది. లాగీ లాగనట్టు లాగి, బొటనవేలితో వరస పొడవునా ఒకసారి నిమిరితే, దారం తనకు కావలసినంత చోటు తాను చూసుకుంటుంది. అలా కుట్టిన వరసల మధ్య గుడ్డ సన్నసన్నగా లేచి నిలుస్తుంది. వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ళ ఎడం పెట్టాం.

మా వీధిలోని ఒక దర్జీ, మిషను మీద అయితే ఒక పూటలో అయిపోతుందని మంచి మనసుతోనే చెప్పాడు. మా ఇంట్లోనూ మిషను ఉంది. అయినా పాత గుడ్డల బొంతకు చేతికుట్టే తగినదని నేను గట్టిగా నమ్ముతున్నాను, అది పాతకాలపు పద్ధతి మీది మమకారం కొద్దీ చెప్పే మాట కాదు. మిషను కుట్టులో పైదారమూ కింది దారమూ ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి, సూది దగ్గరదగ్గరగా కన్నాలు వేస్తుంది. అరిగిన గుడ్డకు ఆ కన్నాల వరసే చిరుగు దారి అవుతుంది. చేతికుట్టులో కన్నాలు ఎడంగా ఉంటాయి, దారం కాస్త కదలగలదు, కాబట్టి ఒత్తిడి వచ్చినప్పుడు గుడ్డ బదులు దారం సర్దుకుంటుంది, మరీ ఎక్కువైతే దారమే తెగుతుంది. తెగిన దారం మళ్ళీ కుట్టుకోవచ్చు, చిరిగిన గుడ్డను అంత సులువుగా నిలబెట్టలేం.

పాత బట్టలతో పొరలు వేసి కుట్టడం మన దగ్గరే కాదు, దేశంలో చాలాచోట్ల ఉంది. బెంగాలులో కాంథా, మహారాష్ట్రలో గోధడీ, ఉత్తర కర్ణాటకలో కౌది అంటారు. బెంగాలు స్త్రీలు పాత చీరల అంచులనుంచి లాగిన రంగు పోగులతోనే కాంథాల మీద బొమ్మలు కుట్టేవారు. ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే సిద్దీలు, ఆఫ్రికానుంచి వచ్చిన పూర్వీకుల సంతతి, కుట్టే కవందీ అనే బొంతల పద్ధతి మన పద్ధతికి పూర్తిగా ఎదురు. వారు ఒక మూలన మొదలుపెట్టి, అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ, ముక్కలు చేర్చుకుంటూ నడిమికి చేరుకుంటారు. చివర మూలల్లో గుడ్డ మడతలతో చిన్న పువ్వులు కుట్టనిదే ఆ పని పూర్తయినట్టు కాదు. ఇది చదివిన తరువాత నాకూ మా బొంత మూలల్లో ఏదైనా చేయాలనిపించింది. కత్తిరించి పక్కన పెట్టిన వెంకటగిరి అంచులోనుంచి పసుపు పోగులు ఒక్కొక్కటిగా లాగి, ఆరు పోగుల చొప్పున కలిపి, నాలుగు మూలలా మామిడిపిందెలు కుట్టాను. పాత పోగు త్వరగా తెగుతుంది కనుక పొరలను పట్టి ఉంచే పని దానికి అప్పజెప్పలేం, కాని పై ముఖం మీది బొమ్మకు అది చాలు. బచ్చలిపండు రంగు మీద ఆ వెలిసిన పసుపు ఎంత నిండుగా ఉందో!

చుట్టూ పట్టీకి పెడన కలంకారీ గుడ్డ వాడాం. ఇక్కడ ఎంపికలో ఒక జాగ్రత్త అవసరం. సహజమైన రంగులతో అద్దే కలంకారీలో, కరక్కాయ నీళ్ళు పట్టించిన గుడ్డ మీద, బెల్లమూ ఇనుపముక్కలూ కలిపి పులియబెట్టిన ద్రవంతో అద్దితే నలుపు వస్తుంది. పటిక కలిపిన ద్రవంతో అద్ది, తరువాత రంగు చెక్కలతో ఉడికిస్తే ఎరుపు వస్తుంది. ఇనుముతో వచ్చే ఆ నలుపు ఏళ్ళు గడిచేకొద్దీ గుడ్డను మెల్లగా తినేస్తుంది, బాగా పాత కలంకారీల్లో నల్లగీత ఉన్న చోటే గుడ్డ పొడిపొడిగా రాలుతుంది. బొంతలో అన్నిటికన్నా ఎక్కువ ఒరిపిడి పడేది అంచుకే. అందుకని నలుపు తక్కువగా, ఎరుపు ఎక్కువగా ఉన్న గుడ్డ వెతికి తెచ్చి, ముందుగా రెండుసార్లు ఉతికి, 3 అంగుళాల పట్టీలుగా కత్తిరించి, పట్టీలను ఒకదానికొకటి మిషను మీద కలిపి, బొంత అంచుకు మడిచి చేత్తో కుట్టాం. మూలల దగ్గర పట్టీ ఏటవాలుగా మడవడం నా పని, అత్తయ్య గారు మిగతా అంచంతా కుట్టారు.

వానాకాలం నడుస్తుండగా బొంత పూర్తయింది. కచ్చా కుట్లు ఊడదీసి, రెండువైపులా తిప్పి చూశాం. ఆవిడ కుట్టిన భాగమూ నేను కుట్టిన భాగమూ పక్కపక్కన ఉన్నాయి. ఆవిడ వరసలు అచ్చుగుద్దినట్టు నడుస్తాయి; నావి తలవైపున కాస్త పొడవు కుట్లతో మొదలై, కాళ్ళవైపుకు వచ్చేసరికి ఆవిడ కుట్లకు దగ్గరవుతాయి. ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఎవరు కుట్టారో మా అమ్మాయి దసరాకు వచ్చినప్పుడు వేలితో చూపించి మరీ చెప్పింది, ఒక్కచోట కూడా తప్పలేదు. ఆదిలాబాదులో తొలి చలికాలం గడిచిన తరువాత ఫోనులో తన అభిప్రాయం చెప్పింది. నవంబరుదాకా బొంత ఒక్కటే సరిపోయిందట. డిసెంబరు చివర్లో దాని మీద ఒక రగ్గు వేసుకోవలసి వచ్చిందట. ఇంకో జానెడు వెడల్పు ఉంటే పక్కలనుంచి గాలి దూరదని కూడా అంది. రెండూ విలువైన మాటలే, రాసి పెట్టుకున్నాను.

ఉతకడం గురించి ఆమెకు కొన్ని సంగతులు చెప్పి పంపాను. బొంతను బండమీద బాదకూడదు, పిండకూడదు. సబ్బునీళ్ళలో నానబెట్టి, కాళ్ళతో మెల్లగా తొక్కి, రెండు మూడు నీళ్ళు మార్చి, నీరు దానంతట అదే కారిపోయేలా వదిలేయాలి. తడిసిన బొంత బరువుకు ఒక్క తాడు మీద వేస్తే నడుమ సాగిపోతుంది కనుక, పక్కపక్కనే కట్టిన రెండు తాళ్ళ మీద పరచాలి. తరచుగా ఉతకనక్కరలేదు, వారానికోసారి ఎండలో పడేస్తే చాలు. చలికాలం దాటాక దాచేటప్పుడు బాగా ఎండబెట్టి, మడతల్లో ఎండిన వేపాకు పెట్టాలి, మడత ప్రతిసారీ ఒకే చోట పడకుండా మార్చుతూ ఉండాలి.

ఇప్పుడు మా ఇద్దరి చేతుల్లోనూ అత్తయ్య గారి సొంత బొంత ఉంది. దాని పై ముఖం పలచబడి, కొన్నిచోట్ల లోపలి గుడ్డ కనబడుతోంది. దాన్ని విప్పడం లేదు. పాత బొంతను ఉన్నదున్నట్టు నడిమి పొరగా పెట్టి, పైనా కిందా కొత్త ముఖాలు వేసి కుట్టడమే మా ఇంటి పద్ధతి. ముఖాలకు నా చీరల్లోనుంచి రెండు ముదురు ఆకుపచ్చ నూలు చీరలు తీశాను, అగ్గిపుల్ల పరీక్షా తడిగుడ్డ పరీక్షా రెండూ అయ్యాయి. పాత బొంత అప్పటికే దళసరిగా ఉంది కాబట్టి సూది ఇంకొంచెం లావుది కావాలి, వరసలు కూడా పాత వరసల మధ్యలో పడేలా చూసుకోవాలి. చీరలు గంజి వదిలించి, ఆరేసి, ఇస్త్రీ చేసి పెట్టాను. పరచడానికి మబ్బు పట్టని ఉదయం ఒకటి దొరకాలి.